వంటింటి ఉత్తరాలు: లడ్డూలోంచి పచ్చడిలోకి

ఆషాఢం వచ్చిందంటే నా పెట్టెలో ఉత్తరాలు పెరుగుతాయి. కొత్త కోడళ్ళు పుట్టింట్లో కూర్చుని తీరిగ్గా రాస్తారు కాబోలు. ఈసారి అందరూ అడిగిందీ ఇంచుమించు ఒకటే: పిల్లలు పుట్టాలంటే ఏ పళ్ళు, ఏ పప్పులు తినాలి, అవి తింటే షుగర్ పెరగదా అని. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు, ఐదు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికే ఎక్కువ స్థలం ఇచ్చాను. ఆ అమ్మాయి రాసిన పరిస్థితి చాలా ఇళ్ళలో ఉంది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 29 ఏళ్ళు. పెళ్ళయి మూడేళ్ళు దాటింది, ఇంకా పిల్లలు లేరు. పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల సమస్య) ఉంది. నెలసరి 45, 50 రోజులకోసారి వస్తుంది. బరువు 71 కిలోలు. మొన్న హెచ్‌బీఏ1సీ అనే మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో 6.1 వచ్చింది. మా అత్తగారు రోజూ పొద్దున్నే ఐదు ఖర్జూరాలు, రెండు ఎండు అంజీర్‌లు, గుప్పెడు కిస్‌మిస్, జీడిపప్పు పాలల్లో నానబెట్టి రుబ్బి, పెద్ద చెంచాడు తేనె కలిపి ఇస్తున్నారు. బలం వస్తే కడుపు పండుతుందని ఆవిడ నమ్మకం. బరువు తగ్గాలని నేను రాత్రి అన్నం మానేసి పళ్ళు మాత్రమే తింటున్నాను. ఆర్నెల్లయింది. బరువు తగ్గకపోగా రెండు కిలోలు పెరిగాను. ఏం వండుకోవాలి, ఏం తినాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
— పేరు వద్దన్న సోదరి, గాజువాక

జవాబు: తల్లీ, ముందు నీ గ్లాసులో ఏముందో లెక్క చూద్దాం. చిన్న ఖర్జూరం ఒక్కోదానిలో సుమారు 5 గ్రాముల చక్కెర, ఐదిటికి 25. అంజీర్‌లు రెండూ కలిపి 8. గుప్పెడు కిస్‌మిస్ అంటే 20 గ్రాములనుకున్నా 13. పెద్ద చెంచాడు తేనె 17. మొత్తం 63 గ్రాములు. టీ చెంచాతో కొలిస్తే 15 చెంచాల పంచదార. పాలల్లో ఉండే చక్కెర ఇందులో కలపలేదు. పైగా అంతా మెత్తగా రుబ్బారు కనక నమిలే పని కూడా లేదు, ఖాళీ కడుపులోకి జారిపోతుంది.

మీ అత్తగారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆవిడ కాలంలో పొద్దున్నే లేచి నీళ్ళు మోసి, పొలానికెళ్ళి, మధ్యాహ్నానికి గానీ కూర్చోని ఆడవాళ్ళకి ఆ ఖర్జూరం నిజంగా బలమే. "ఏటవుద్దే, తినేసీ" అని మా అమ్మమ్మ కూడా నా నోట్లో కుక్కేది. నీ ఒంట్లో ఉన్న తిరకాసు వేరు. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. పని జరగడం లేదని ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల చేత మగ హార్మోన్లు ఎక్కువగా చేయిస్తుంది. దాంతో అండం పక్వానికి వచ్చి విడుదలవడం ఆలస్యమవుతుంది, కొన్ని నెలలు అసలు విడుదలే కాదు. నీకు నెలసరి 50 రోజులకి వెళ్ళడం వెనక ఉన్నది సాధారణంగా ఇదే. 6.1 అంటే షుగర్ వ్యాధి ఇంకా రాలేదు, గుమ్మం దగ్గర నిలబడింది. 5.7 నుంచి 6.4 వరకూ ఆ గుమ్మమే.

పళ్ళూ పప్పులూ మానేయమని చెప్పడం లేదు. వాటిని స్వీట్లోంచి తీసి కూరలోకి, పచ్చడిలోకి, పులుసులోకి మార్చమంటున్నాను. మన ఉత్తరాంధ్ర వంట దీనికి పుట్టినట్టే ఉంటుంది. పండు దోరగా ఉన్నప్పుడే ఉప్పూకారంతో తినే అలవాటు మనది. నువ్వులు, వేరుశనగ గుళ్ళు లేని పులుసూ పచ్చడీ మన దగ్గర తక్కువ. ఆ అలవాటు వదిలేసి డ్రైఫ్రూట్ లడ్డూల వెంట పడ్డాం.

జామకాయ పచ్చడితో మొదలుపెట్టు. ఇప్పుడు మన విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజారులో దోర జామకాయలు దండిగా వస్తున్నాయి. రెండు కాయలు తీసుకో. నొక్కితే వేలు దిగకూడదు, అలాంటివి ఏరుకో. తొక్క తీయకు. గింజలు పళ్ళలో ఇరుక్కుంటాయనుకుంటే మధ్య గుజ్జు తీసేయ్, లేదంటే ఉంచు. మూకుట్లో చెంచాడు నూనె వేసి ఐదు ఎండుమిరపకాయలు, చెంచా మినప్పప్పు, కాస్త జీలకర్ర వేయించి తీసెయ్. అదే మూకుట్లో జామ ముక్కలు మూడు నిమిషాలు మగ్గించు, అంతకు మించితే హల్వా అవుతుంది. ముందే వేయించి పొట్టు తీసిన వేరుశనగ గుళ్ళు గుప్పెడు, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు. ముందు మిరపకాయలూ గుళ్ళూ కచ్చాపచ్చాగా, తర్వాత జామ ముక్కలు వేసి ఒక్క తిప్పు. ఆవాలు, కరివేపాకు, ఇంగువ పోపు. బెల్లం వద్దు. నాలుక బెల్లం అడుగుతుంది, రెండు వారాలు ఓపిక పట్టు. జామలో పీచు ఎక్కువ, సీ విటమిన్ నారింజకి నాలుగింతలు. వేరుశనగ గుళ్ళలో నాలుగో వంతు ప్రొటీనే. ఈ రెండూ కలిసినప్పుడు అన్నంలోని పిండి నెమ్మదిగా రక్తంలోకి దిగుతుంది.

ఇక మీ అత్తగారు కొని పెట్టిన బాదం ఉంటుంది కదా, అది కారప్పొడికి. ఇరవై బాదం పప్పులు, రెండేసి చెంచాలు నువ్వులు, అవిసె గింజలు, గుప్పెడు వేరుశనగ గుళ్ళు విడివిడిగా వేయించు. కలిపి వేయిస్తే నువ్వులు మాడిపోయి బాదం పచ్చిగా ఉంటుంది. పది ఎండుమిరపకాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, జీలకర్ర, ఉప్పు. అవిసె గింజలు పొడి అయి తీరాలి, గింజ గింజగా మింగితే వచ్చినవి వచ్చినట్టే బయటికి పోతాయి. ఈ పొడి పెసరట్టు మీద చల్లుకో, చోడి రొట్టెలో పెట్టుకో. (చోడి అంటే రాగులే. గుంటూరు నుంచి వచ్చిన నా కోడలికి ఈ మాట నేర్పడానికి ఏడాది పట్టింది.) మీ అత్తగారి చేతే కొట్టించు. ఆవిడ పెట్టిన గింజలే నువ్వు తింటున్నావని ఆవిడకీ తృప్తి, ఇంట్లో గొడవ ఉండదు.

జీడిపప్పు సంగతి. పలాస మనకి దగ్గర కాబట్టి మన ఇళ్ళలో జీడిపప్పు ధారాళంగా పడుతుంది. చెడ్డది కాదు, కానీ బాదం, వాల్‌నట్ల కంటే దీనిలో పిండిపదార్థం ఎక్కువ, పీచు తక్కువ. వంద గ్రాములకి 30 గ్రాములు పిండిపదార్థమే. కూరలో పది పలుకులు పడితే ఏమీ కాదు. రుబ్బి గ్రేవీ పోస్తేనే చిక్కు.

రాత్రి పళ్ళు మాత్రమే తినడం ఆపెయ్. మూడు అరటిపళ్ళు, ఒక మామిడిపండు, కాసిని సపోటాలు తిని పడుకుంటే అందులో ప్రొటీన్ ఏదీ? రెండింటికి మెలకువ వచ్చి బిస్కెట్ల డబ్బా వెతుక్కుంటావు. రెండు కిలోలు అలాగే వచ్చి ఉంటాయి. రాత్రికి కప్పు అన్నమో రెండు చోడి రొట్టెలో, గిన్నె నిండా కూర, పప్పో గుడ్డో చేపో. ముందు కూర సగం తిని అప్పుడు అన్నం కలుపుకో, తర్వాత వచ్చే షుగర్ తక్కువగా ఉంటుంది. పండు సాయంత్రం నాలుగింటికి, గుప్పెడు గింజలతో.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నాకూ షుగర్ ఉంది. పోయిన వేసవిలో భోజనం మీద రెండు బంగినపల్లి మామిడిపళ్ళు తిన్నాను, రెండు గంటలకి మీటర్ 212 చూపించింది. వారం తర్వాత సాయంత్రం అరపండు, గుప్పెడు వేరుశనగ గుళ్ళు తిని బీచ్ రోడ్డు మీద ఇరవై నిమిషాలు నడిస్తే 148. పండు అదే, మనిషినీ నేనే.

వంటతో కాని పనులు నాలుగున్నాయి. నీ బరువులో 5 శాతం, అంటే మూడున్నర కిలోలు తగ్గినా చాలామందిలో అండం విడుదల మెరుగుపడుతుంది. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాముల మాత్ర రోజూ ఇప్పటినుంచే మొదలుపెట్టాలి, గర్భం వచ్చాక కాదు. బిడ్డ వెన్నుపాము తయారయ్యేది నీకు నెల తప్పిందని తెలిసే లోపే. ఆకుకూరలు, వేరుశనగ తిన్నంత మాత్రాన ఆ మాత్రకి బదులు కాదు. డాక్టర్ మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర రాసి ఉంటే నా పచ్చడి చూసి ఆపొద్దు. చివరిగా, 35 లోపు వాళ్ళు ఏడాది ప్రయత్నించి కాకపోతే, 35 దాటిన వాళ్ళు ఆరు నెలలకే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. నీకు మూడేళ్ళయింది. మీ ఆయన్ని కూడా తీసుకెళ్ళు. ఉత్తరం మొత్తంలో ఆయన ఏం తింటారో ఒక్క ముక్క లేదు.

ప్రశ్న: నమస్తే అమ్మా. నాకు 34 ఏళ్ళు. ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, కొలిమి దగ్గర పని. వీర్య పరీక్షలో కదలిక తక్కువని వచ్చింది. వాల్‌నట్లు తింటే బాగవుతుందని ఫ్రెండు చెప్పాడు. ఎన్ని తినాలి? జిమ్‌లో ఒకాయన ఏదో ఇంజెక్షన్ కూడా చెబుతున్నాడు.
— కూర్మన్నపాలెం

జవాబు: బాబూ, నువ్వు రాసినందుకు సంతోషం. ఈ శీర్షికకి మగవాళ్ళు ఏడాదికి ఒకరో ఇద్దరో రాస్తారు.

ఫ్రెండు చెప్పిన దాంట్లో కొంత నిజం ఉంది. 2018లో స్పెయిన్‌లో 119 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళ మీద జరిపిన ఒక అధ్యయనం వెలువడింది. కొందరికి మామూలు తిండితో పాటు రోజుకి 60 గ్రాముల గింజలు ఇచ్చారు: 30 గ్రాములు వాల్‌నట్లు, 15 బాదం, 15 హేజల్‌నట్లు. పద్నాలుగు వారాల తర్వాత వీర్యకణాల సంఖ్య, కదలిక, ఆకారం కొంత మెరుగుపడ్డాయి. అయితే వాళ్ళు సమస్య ఉన్నవాళ్ళు కారు, పిల్లలు పుట్టారా లేదా అన్నది అందులో చూడలేదు. కాబట్టి తిను, మందు అనుకోకు. మన కొలతలో చెప్పాలంటే వాల్‌నట్ సగాలు పద్నాలుగు, బాదం పన్నెండు. హేజల్‌నట్లు దొరక్కపోతే వదిలెయ్. అరవై గ్రాములంటే నాలుగు వందల కేలరీల దాకా ఉంటుంది, అందుకని సాయంత్రం బజ్జీల పొట్లం స్థానంలో తినాలి, దాని మీద కాదు. షిఫ్టు డబ్బాలో పెట్టుకెళ్ళడానికి ఇంతకంటే సులువైంది లేదు. వాల్‌నట్ కాస్త వగరు అనిపిస్తే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పుల్ల పెరుగుతో రుబ్బి పచ్చడి చేయించు, దోశలోకి బాగుంటుంది.

కణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. నెల తిని మళ్ళీ పరీక్ష చేయించి నిరాశపడకు, మూడు నెలలు ఆగు. కొలిమి దగ్గర వేడి నిజంగా సమస్యే, ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పు, సూపర్‌వైజరుతో మాట్లాడి కొన్నాళ్ళు వేరే చోట డ్యూటీ అడుగు. ఖైనీ, సిగరెట్ ఉంటే ఇవాళే ఆపు. ఆ ఇంజెక్షన్ టెస్టోస్టిరాన్ అయితే అసలు ముట్టుకోకు. బయటి నుంచి ఆ హార్మోన్ వస్తే ఒళ్ళు సొంతంగా కణాలు తయారు చేయడం ఆపేస్తుంది. కండలు వస్తాయి, కణాలు పోతాయి.

ప్రశ్న: చెల్లెమ్మా, మా అమ్మాయికి ఏడో నెల. షుగర్ ఉందన్నారు. అప్పటినుంచి పండన్నది ఇంట్లోకి రానివ్వడం లేదు. అనాస, బొప్పాయి అయితే పేరు కూడా ఎత్తకూడదంటున్నారు మా వియ్యపురాలు. పిల్ల నోరు కట్టుకుని ఏడుస్తోంది. నిజంగా ఒక్క పండూ తినకూడదా?
— భీమిలి

జవాబు: అక్కా, మీ ఉత్తరం చదివి నవ్వూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. నా రెండో కాన్పులో ఇదే షుగర్, ఇదే కట్టడి. ఊళ్ళో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో "పండు ముట్టకు" అని ఒక్క మాట చెప్పి పంపించేశారు. ఎంత, ఎప్పుడు అని ఎవరూ చెప్పలేదు. తట్టుకోలేక ఒక మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక వంటింట్లో నిలబడి సగం అనాసపండు తినేశాను. అలా నోరు కట్టేసి, చివరికి ఒక్కసారే మీద పడటం కంటే రోజూ కొంచెం తినడం మేలు.

కొలత ఇది: ఒక పూట 15 గ్రాముల పిండిపదార్థం వచ్చేంత పండు. ఒక మధ్యస్థం జామకాయ, లేదా కప్పు పండిన బొప్పాయి ముక్కలు, లేదా ముప్పావు కప్పు అనాస ముక్కలు, లేదా చిన్న అరటిపండు. పొద్దున టిఫిన్‌తో ఇవ్వొద్దు, ఆ వేళ గర్భిణులకి షుగర్ త్వరగా ఎగబాకుతుంది. పదకొండింటికో నాలుగింటికో, ఐదారు బాదం పప్పులతో. జ్యూస్ వద్దు, ఇంట్లో తీసినా వద్దు. మీటర్ ఉంటే అదే తీర్పు చెబుతుంది: పరగడుపున 95 లోపు, తిన్న గంటకి 140 లోపు, రెండు గంటలకి 120 లోపు. ఏ పండు తింటే ఈ గీత దాటుతోందో ఒక నోటుబుక్కులో రాయించండి. పిల్లని బట్టి అది మారుతుంది.

బొప్పాయి గురించి వియ్యపురాలు చెప్పింది సగం సరే. పచ్చి కాయలో, దోర కాయలో కారే పాలు ఎలుకల గర్భసంచిని బిగిసేలా చేశాయని ప్రయోగాల్లో తేలింది, కాబట్టి పచ్చి బొప్పాయి కూర వద్దు. బాగా పండిన బొప్పాయిలో ఆ పాలు దాదాపు ఉండవు. అనాసలో భయపెట్టే ఎంజైము ఎక్కువగా ఉండేది కాండంలో, మనం పారేసే మధ్య బొడ్డులో. ముప్పావు కప్పు పండు ముక్కలతో ఏమీ కాదు. మరీ గుండె దడగా ఉంటే సింహాచలం అనాసని పులుసు పెట్టేయండి. వానలు పడగానే కొండ కింద రోడ్డు పక్కన కుప్పలు పోస్తారు, వాసనకే ఆటో ఆపబుద్ధవుతుంది. గిన్నెడు ముక్కలు, పలచటి చింతపండు రసం, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు. మరిగాక బియ్యప్పిండికి బదులు వేయించి పొడి చేసిన నువ్వులు రెండు చెంచాలు వేస్తే చిక్కబడుతుంది. బెల్లం వేయొద్దు, పండు తీపే చాలు. అందులోంచి అమ్మాయికి ఐదారు ముక్కలే పడతాయి, కానీ భోజనమంతా అనాస తిన్నట్టే ఉంటుంది. నువ్వులు కూడా వద్దంటారేమో వియ్యపురాలు. వంటలో పడే రెండు చెంచాలకి భయం లేదు, కావాలంటే ఈ పేజీ చూపించండి.

కాన్పయ్యాక ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య అమ్మాయికి మళ్ళీ షుగర్ పరీక్ష చేయించండి. నేను చేయించుకోలేదు. బిడ్డ పుట్టింది కదా అని మర్చిపోయాను, 48వ ఏట అది నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

ప్రశ్న: మేడమ్, నెలసరి మొదటి పద్నాలుగు రోజులు అవిసె, గుమ్మడి గింజలు, తర్వాత నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు తింటే హార్మోన్లు సర్దుకుంటాయని రీల్స్‌లో చూశాను. నిజమేనా? మా నాన్నగారు షుగర్‌కి నేరేడు గింజల పొడి వాడొచ్చా?
— మధురవాడ

జవాబు: నాలుగూ మంచి గింజలే. రోజులు లెక్కపెట్టుకుని మార్చి తింటే హార్మోన్లు సర్దుకుంటాయనడానికి గట్టి ఆధారం లేదు. నలభై రోజులకి నెలసరి వచ్చే అమ్మాయి పద్నాలుగో రోజు ఎక్కడని లెక్కపెట్టుకుంటుంది? అన్నీ కలిపి పైన చెప్పిన కారప్పొడిలో వేసేసుకో. నేరేడు పండు ఇప్పుడు దొరుకుతోంది, నాన్నగారు గుప్పెడు తింటే మంచిదే. గింజల పొడిని నమ్ముకుని షుగర్ మాత్ర మానేస్తేనే ప్రమాదం. పొడి మొదలుపెడితే డాక్టర్‌కి చెప్పమను, రెండూ కలిసి షుగర్ మరీ పడిపోకుండా.

ప్రశ్న: కొన్న వారానికే జీడిపప్పు మెత్తబడుతోంది, వాల్‌నట్ చేదు ఎక్కుతోంది. ఏం చేయాలి?
— లాసన్స్ బే కాలనీ

జవాబు: సముద్రం ఎదురుగా ఉండి ఈ ప్రశ్న అడగకపోతేనే ఆశ్చర్యం. మన ఊరి గాలికి ఉప్పే కారిపోతుంది, గింజలెంత! పావుకిలో కంటే ఎక్కువ కొనొద్దు. గాజు సీసాలో బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, వాల్‌నట్, అవిసె పొడి అయితే ఫ్రీజర్లో. జీడిపప్పు మెత్తబడితే సన్న సెగ మీద వేయిస్తే కరకరలాడుతుంది. చేదెక్కిన వాల్‌నట్ మాత్రం మళ్ళీ బాగుపడదు, అందులో నూనె పాడైపోయింది, పారేయండి. వేరుశనగ గుళ్ళలో ఆకుపచ్చగానో నల్లగానో బూజు కనిపిస్తే ఆ నాలుగూ ఏరి మిగతావి వేయించేద్దామని అనుకోవద్దు. ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. మొత్తం డబ్బా చెత్తబుట్టలోకే.

(వచ్చే నెల శ్రావణం. వాయనం శనగలు ఇంటినిండా ఉంటాయి కాబట్టి వాటి గురించి రాసి పంపండి.)